పదహారో సంతకం

ఆరున్నర కావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. నగరసభ భవనం అడుగు అంతస్తులో, చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే గది ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఎవరి బొటనవేలి పనిలో వాళ్ళున్నారు. ఒకామె వేలిని జుట్టులో రుద్దుకుంటోంది, కాస్త నూనె అంటుతుందని. ఇంకొకామె వేలిమీద నోటి ఆవిరి ఊదుతోంది. కిటికీ అద్దాలు తుడిచే పొడుగామె వేలిని గుప్పిట్లో దాచుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. మెట్లక్క టీ గ్లాసుకు వేలు ఆనించి, చుర్రుమంటున్నా తీయకుండా, గోడకున్న యంత్రం వంకే చూస్తోంది.

ఆ భవనంలో నాలుగు అంతస్తుల మెట్లూ కడిగేది ఆమే కాబట్టి అందరికీ ఆమె మెట్లక్క. ఇరవై రెండేళ్ళుగా అవే మెట్లు. పైనుంచి కిందికి, వెనక్కి నడుస్తూ, ఒక్కో మెట్టుకు మూడు తుడుపులు. ఫినాయిలు, బ్లీచింగు, మరుగుదొడ్ల యాసిడు, ఇత్తడి కమ్మీలకు రాసే పొడి, ఇన్నిట్లో నాని నాని ఆమె వేలి కొసలు అరిగిన సబ్బుబిళ్ళల్లా నున్నబడ్డాయి. గీతలు ఎప్పుడు పోయాయో ఆమె చూసుకోలేదు. రెండు నెలల కిందట ఈ యంత్రం వచ్చేదాకా, మనిషి మనిషే అని చెప్పడానికి వేలికి గీతలుండాలన్న సంగతే ఆమెకు తెలీదు.

"కానివ్వండమ్మా, కానివ్వండి. సినిమా టిక్కెట్లకు నిలబడ్డట్టు నిలబడ్డారేంటి?" అన్నాడు మేస్త్రీ.

ముందు లిఫ్టు వదిన వెళ్ళింది. రెండు లిఫ్టులూ, వాటి ముందున్న వరండాలూ ఆమె పని. వేలు పెట్టింది. ఎర్రదీపం. 'దయచేసి మళ్ళీ ప్రయత్నించండి' అంది యంత్రం, తేనెలో ముంచిన గొంతుతో. మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం. వేలిని పని గౌనుకు తుడుచుకుని, మూడోసారి రెండో చేత్తో గట్టిగా నొక్కి మరీ పెట్టింది. ఎర్రదీపమే. యంత్రం ఈసారి ఏమీ అనలేదు.

"మూడోది పడిపోయింది వదినా," అన్నాడు మేస్త్రీ, కాయితం వంక చూస్తూ. నెలలో మూడు గైరుహాజర్లు పడితే కార్డు ఇచ్చేసి ఇంటికి వెళ్ళిపోవాలి. కొత్త రూలు.

"అయ్యా, నేను నీ ఎదురుగానే నిలబడ్డాను కదా?"

"నాకు కనిపిస్తున్నావు. దానికి కనిపించడం లేదు. నన్నేం చెయ్యమంటావు చెప్పు? నా ఉద్యోగం కూడా దాని చేతిలోనే ఉంది."

"దానికి చెయ్యెక్కడుంది, నా వేలడుగుతోంది గానీ!"

ఇద్దరు నవ్వబోయి ఆగిపోయారు. లిఫ్టు వదిన మెళ్ళోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. తాడు దాని చుట్టూ చక్కగా చుట్టి మరీ పెట్టింది.

తర్వాత మెట్లక్క. ఎర్ర, ఎర్ర, ఎర్ర. ఆమెకిది రెండోది. మేస్త్రీ కాయితం మీద గీత పెట్టి, "మెట్లు కానిచ్చెయ్యక్కా, ఎనిమిదింటికల్లా ఆరిపోవాలి," అన్నాడు. గైరుహాజరు పడినంత మాత్రాన పని ఆగదు. మనిషి రానట్టు లెక్క, మెట్లు మాత్రం తెల్లగా ఉండాలి.

లిఫ్టు వదిన వెళ్తూ వెళ్తూ మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చింది.

"అక్కా, నేనడిగితే బాగోదు. కానీ మీ అమ్మాయి ఈ పైన సభలోనే కూచుంటోంది కదా. ఒక్క మాట చెవిన వెయ్యి."

మెట్లక్క చేతిలో తుడుపుకర్ర ఆగింది. ఆమెకు ముందు కనిపించేది ఎప్పుడూ చెడే. కూతురు ఈ మాట పైన ఎత్తుతుంది. వాళ్ళమ్మ కోసమే ఎత్తింది అంటారు. పేపర్లో వేస్తారు. పార్టీ వాళ్ళు పిలిచి చీవాట్లు పెడతారు. అది ఊరుకోదు, ఎదురు చెబుతుంది. పదవి పోతుంది. బంతాట ఎలాగూ మోకాలి దెబ్బతోనే పోయింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల ఇంట్లో గోడ వంక చూస్తూ కూచుంటుంది. ఇదంతా ఒక మెట్టు తుడిచేంత సేపట్లోనే ఆమె కళ్ళముందు జరిగిపోయింది.

"చూస్తాలే వదినా," అంది. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లిఫ్టు వదిన తడి మెట్ల మీద అడుగులు పడకుండా గోడవారగా దిగి వెళ్ళిపోయింది.

*

కూతురు సాయంత్రం ఆరింటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే రెండు చేతులూ ముందుకు చాపింది. మెట్లక్క గోరువెచ్చటి ఉప్పునీళ్ళ గిన్నె స్టూలు మీద పెట్టి ఎదురుగా కూచుంది. పన్నెండేళ్ళు దేశపు ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాపాడిన చేతులవి. ఎడమచెయ్యి ఉంగరపు వేలు నిటారుగా నిలబడదు. కుడి బొటనవేలు రెండుసార్లు విరిగింది. దాని కొసన, ఎవరో బూటు ముళ్ళతో తొక్కినచోట, కుట్ల మచ్చ అడ్డంగా ఉంటుంది. ఊళ్ళో పిల్లా పెద్దా ఆమెను కీపరమ్మ అంటారు. ఎన్నికల్లో గోడల నిండా అతికించిన బొమ్మలో కూడా ఆ చేతులే, గ్లవుజులు వేసుకుని ముందుకు చాచి ఉన్నాయి. ఆ బొమ్మ చూసే పార్టీ వాళ్ళు సీటిచ్చారు. ఆ బొమ్మ చూసే జనం ఓటేశారు. అయిదు వారాలైంది.

మెట్లక్కకు ఆ బొమ్మంటే భయం. ఆమె కూతురి ఆట ఒక్కటి కూడా సాంతం చూడలేదు. మైదానం దాకా వెళ్ళేది, గ్యాలరీ వెనక గోడకు ముఖం పెట్టి నిలబడేది, జనం అరుపుల్ని బట్టి ఏం జరిగిందో పోల్చుకునేది. ఓట్లు లెక్కపెట్టిన రోజున స్నానాల గదిలో గడియ పెట్టుకుని కుళాయి తిప్పి కూచుంది. గెలిచిందని తలుపు బాదితే, "ఎవరు?" అని అడిగింది.

"అమ్మా, నీకో జోకు చెప్పనా?" అంది కీపరమ్మ, వేళ్ళు నీళ్ళలో ముంచి. "సభలో మాక్కూడా వేలి యంత్రం పెట్టారు తెలుసా? మొన్న మొదటి సమావేశంలో పెట్టాను. నా వేలు దానికి నచ్చలేదు. మూడుసార్లూ ఎర్రదీపమే."

మెట్లక్క చేతిలో గుడ్డ జారి గిన్నెలో పడింది.

"మరి? నిన్ను ఇంటికి పంపారా?"

"ఎందుకు పంపుతారు? గుమాస్తా బల్ల కిందనుంచి ఒక పుస్తకం తీశాడు. నవ్వుతూ, 'ఇందులో సంతకం పెట్టండి మేడం, పెద్దవాళ్ళం కదా, మనకిదుంటుంది' అన్నాడు. పెట్టేశాను."

"పుస్తకం ఉందా?"

"ఉంది. ఏం?"

"ఏం లేదు. ఉంటే మంచిదేగా. నీళ్ళు చల్లారాయి, మళ్ళీ కాచి తెస్తా."

"కూచో."

మెట్లక్క కూచుంది. కూతురు తడిచేత్తో ఆమె కుడిచెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పింది. బొటనవేలి మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి చూసింది. పొద్దుటి టీ గ్లాసు కాల్చినచోట చిన్న బొబ్బ ఉంది.

"ఎన్నిసార్లు పడింది నీకు?"

"ఏంటి పడటం? నాకేం పడలేదు. నా వేలు బంగారం."

"అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ముందు భుజం ఎగరేస్తావమ్మా. ఎదురుగా బంతి పెట్టుకుని నిలబడ్డ ప్రతివాళ్ళూ ఏదో ఒకటి ముందు కదుపుతారు. నడుమో, కాలో. నా బతుకంతా అది చూడ్డమే కదా."

అప్పుడు చెప్పింది, సగం. లిఫ్టు వదిన కార్డు సంగతి చెప్పింది. తన రెండు గీతల మాట మింగేసింది. చెప్పి, కూతురి మణికట్టు రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు మాత్రం నోరు తెరవనని ఒట్టెయ్యి. ఎల్లుండి పెద్ద సమావేశమట కదా, బడ్జెట్టట, మేస్త్రీ చెప్పాడు. అందరూ ఉంటారు. నువ్వు కొత్తదానివి. ఒక్క మాటన్నావంటే నమిలేస్తారు నిన్ను. నా మీద ఒట్టు."

కీపరమ్మ మణికట్టు విడిపించుకుని ఆమె చేతిలో చెయ్యి వేసింది.

"సరే. ఈ విషయంలో నువ్వు చెప్పేదాకా నోరు తెరవను. ఒట్టు. ఇక ఆ నీళ్ళు కాచి తే."

*

మర్నాడు ఆరున్నరకు, బకెట్ల గది ముందు, ఏడుగురు ఆడవాళ్ళ వెనక ఇంకో మనిషి వచ్చి నిలబడింది. ముదురునీలం కోటు, పైకి కట్టిన జుట్టు, చేతులు వెనక్కి. మేస్త్రీ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"మేడం! మీరా! ఈ కిందకా! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా. కుర్చీ... టీ..."

కీపరమ్మ తల ఊపింది, ఏమీ వద్దన్నట్టు. ఒక్క మాట మాట్లాడలేదు. గోడకు ఆనుకుని నిలబడి యంత్రం వంక చూసింది.

మెట్లక్క వెనక్కి తిరిగి చూసింది. ఒట్టు వేసింది కదా, మరి ఎందుకొచ్చినట్టు? వరసలో నాలుగోది తను. పొడుగామెకు మొదటిసారే పచ్చదీపం వెలిగింది. ఆమె యంత్రాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేసింది. తర్వాతిద్దరికీ రెండోసారికి పలికింది.

మెట్లక్క వేలు పెట్టింది. ఎర్రదీపం. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి. మళ్ళీ పెట్టింది. వీపు మీద కూతురి చూపు వేడిగా తగులుతోంది. మూడోసారి పెట్టబోతే వేలు పక్కకు జారింది. ఎర్రదీపం.

మేస్త్రీ కాయితం వంక చూశాడు, కీపరమ్మ వంక చూశాడు.

"మూడు... అబ్బెబ్బే, అమ్మగారికి రూలేంటి మేడం? ఆ మాత్రం తెలీని వాళ్ళమా?" సొరుగులోంచి ఒక కాయితం లాగి బల్లమీద పరిచాడు. పెన్ను మూత తీసి మెట్లక్క చేతిలో పెట్టాడు. "ఇక్కడ రోజూ ఒక సంతకం పడెయ్యి అక్కా. మన మధ్యే ఉంటుంది. ఆ వేలు గోల నీకొద్దు."

ఆమె పెన్ను పట్టుకుంది. పడేసేదే. ఆమెకు వీరత్వం చూపించాలని ఏ కోశానా లేదు. ఉద్యోగం నిలిచింది, పిల్లకు మాట రాలేదు, గండం గడిచింది అనుకుంటూ కాయితం మీదికి వంగింది. కానీ బల్లమీద, కాయితం పక్కనే, లిఫ్టు వదిన కార్డు ఉంది. తాడు ఇంకా అలాగే చుట్టి ఉంది. దానిమీది చిన్న ఫోటోలోంచి వదిన, ఎప్పుడో తీసిన ఫోటో, జుట్టు నల్లగా, ఇటే చూస్తోంది. పెన్ను కాయితాన్ని తాకింది, చుక్క పడింది, అక్కడే నిలబడిపోయింది. చెయ్యి కదల్లేదు. ఆమె ఎంత కదపాలనుకున్నా కదల్లేదు.

"నావల్ల కాదు మేస్త్రీ," అంది చివరికి, ఏదో తప్పు చేసినదానిలా. మెళ్ళోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి కీపరమ్మ మెట్లెక్కి వెళ్ళిపోతోంది. మెట్లు ఇంకా కడగలేదు. నిన్నటి జనం అడుగులన్నీ వాటి మీద అలాగే ఉన్నాయి.

*

నగరసభకు ఒక గ్యాలరీ ఉంది. ఎవరైనా వచ్చి కూచోవచ్చు. మెట్లక్క ఆ బెంచీల కింద ఇరవై రెండేళ్ళు తుడిచింది గానీ ఒక్కసారీ వాటి మీద కూచోలేదు. మూడో రోజు పదకొండింటికి లిఫ్టు వదిన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూచోబెట్టింది.

"ఇంట్లో కూచుని చచ్చేకన్నా ఇక్కడ కూచుని చావచ్చు కదక్కా. కళ్ళారా చూద్దాం."

"బెంచీ కింద రెండ్రోజుల దుమ్ముంది చూడు," అంది మెట్లక్క.

కింద సభలో ముప్పై కుర్చీలు. అందులో పధ్నాలుగు ఖాళీ. ఎదటి పార్టీ వాళ్ళు బడ్జెట్టు మీద అలిగి, గేటు బయట అట్టలు పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన పదహారూ అధ్యక్షుడి పార్టీవే. పదహారు మంది ఉంటేనే సభ జరుగుతుంది, ఒక్కరు తగ్గినా లేదు. ఆ మాట పక్క బెంచీలో ఉన్న విలేకరి ఎవరికో ఫోనులో చెబుతున్నాడు. గంట కొట్టిన అరగంటలోపు పదహారు కాకపోతే సభ రద్దు. ఇవాళ బడ్జెట్టుకు ఆఖరు రోజు. రద్దయితే పైనుంచి అధికారి వచ్చి కూచుంటాడు, వీళ్ళందరూ ఇళ్ళకు.

గంట కొట్టారు.

అధ్యక్షుడు పెద్ద మనిషి, మెత్తగా నవ్వే మనిషి. ఎన్నికలకు ముందు కూడా ఆయనే అధ్యక్షుడు, ఈ యంత్రాలు తెప్పించింది ఆయనే. 'అధ్యక్షుడి దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా ఒకటే వేలు, వేలు పడని హాజరు హాజరు కాదు' అని తీర్మానం చేయించి, యంత్రం మీద తన వేలు పెట్టి ఫోటో దిగాడు. ఆయన లేచి అందరికన్నా ముందు వేలు పెట్టాడు. పచ్చదీపం. గోడమీద అంకె వెలిగింది: ఒకటి. తర్వాత ఒక్కొక్కరూ. పళ్ళ డాక్టరు, సిమెంటు వ్యాపారి, రిటైరైన హెడ్మాస్టరు. అంకె పదిహేను దగ్గర ఆగింది.

కీపరమ్మ లేచి వెళ్ళింది. కుట్ల మచ్చ ఉన్న వేలు పెట్టింది. ఎర్రదీపం. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. గుమాస్తా అప్పటికే బల్లకింద చెయ్యిపెట్టి నల్ల అట్ట పుస్తకం తీసి, పేజీ తెరిచి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాడు.

కీపరమ్మ పుస్తకం వంక చూడలేదు. వెనక్కి నడిచి తన కుర్చీలో కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"సంతకం చెయ్యమ్మా," అన్నాడు అధ్యక్షుడు నవ్వుతూ.

ఆమె గోడమీది అంకె వైపు వేలు చూపించింది. పదిహేను.

"అది మామూలే. పుస్తకంలో పెట్టెయ్యి, చాలు."

ఆమె కదల్లేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు పళ్ళ డాక్టరు, పక్క కుర్చీలోంచి వంగి. "నోరు తెరవండి మేడం, ఏదో ఒకటి చెప్పండి."

"మీరు ఎవరిని చూసినా నోరు తెరవమనే అంటారు," అన్నాడు హెడ్మాస్టరు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గడియారం పదకొండూ పది.

అధ్యక్షుడు కార్యదర్శిని పిలిచాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు ముక్కు కొసన. "ఆమె వచ్చిందని రాసుకోండి. ఎదురుగానే ఉంది కదా! నాకు కనిపిస్తోంది కదా!"

గ్యాలరీలో లిఫ్టు వదిన మెట్లక్క తొడ గిల్లింది.

కార్యదర్శి గొంతు తగ్గించాడు గానీ ఆ హాలు కట్టడమే అలాంటిది, గుసగుస కూడా గ్యాలరీకి వినిపిస్తుంది. "మీకు కనిపించినా లాభం లేదు సార్. వేలు పడాలని తీర్మానం. పుస్తకం మాట అందులో లేదు. అది మనం ఊరికే పెట్టుకున్నది. పెట్టిన సంతకాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి చెల్లింది. అసలు పెట్టకపోతే నేనేం రాయను? బయట వాళ్ళున్నారు, విలేకర్లున్నారు."

"ఏం కావాలి నీకు?" అన్నాడు అధ్యక్షుడు కీపరమ్మతో. నవ్వు పోయింది. "పదవా? కమిటీయా? చెప్పు."

ఆమె చెప్పలేదు.

"బంతి పట్టుకునేదానివి. బంతి తప్ప నీకేం తెలుసునని సీటిచ్చాం? నీ బొమ్మ వద్దు, ఇంకో బొమ్మ పెట్టుకుంటాం అనడం మాకు ఎంతసేపు?"

సిమెంటు వ్యాపారి లేచాడు, ఇంకొకాయన లేచాడు, నలుగురూ ఒకేసారి అరవడం మొదలెట్టారు. 'పెట్టెయ్యవే తల్లీ, పెట్టెయ్యి, నీ కాళ్ళు పట్టుకుంటా' అని మెట్లక్క లోపల్లోపల మొత్తుకుంటోంది. కళ్ళు మూసుకోబోయింది, అలవాటుగా. ముఖం పెట్టుకోడానికి గోడ కోసం చూసింది. గ్యాలరీకి వెనక గోడ ఉంది గానీ చాలా దూరం, మధ్యలో జనం.

అందుకని చూసింది. వేరే దారి లేక, కూతురు తన పని తాను చేస్తుండగా, మొదటిసారి కళ్ళు తెరిచి చూసింది.

అరిచేవాళ్ళు కుర్చీల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకాయన కాయితాలు విసిరాడు. ఒకాయన చెమట తుడుచుకుంటూ నీళ్ళ గ్లాసు ఒలకబోసుకున్నాడు. వాళ్ళందరి మధ్యా ఒక్క మనిషి మాత్రం అస్సలు కదలడం లేదు. భుజాలు వదులుగా, అరిపాదాలు రెండూ నేలకు ఆని, కళ్ళు అధ్యక్షుడి నడుము మీద. భయపడి బిగుసుకుపోయి కూచోడం కాదది. మెట్లక్కకు భయపడటం బాగా తెలుసు, అది ఎలా ఉంటుందో ఒంట్లో ప్రతి ఎముకకూ తెలుసు. ఇక్కడ అది లేదు. ఓసి పిల్లా, నీకు ఇది వచ్చా, అనుకుంది. ఇంత గొడవలో ఇంత నింపాదిగా ఉండటం వచ్చా నీకు? పన్నెండేళ్ళూ నేను గోడను చూస్తూ ఉంటే, వెనకాల నువ్వు ఇలా నిలబడ్డావా?

గడియారం పదకొండూ ఇరవై.

అధ్యక్షుడు ఎడమకాలు ముందుకు వేశాడు. కుర్చీ దిగి, బల్ల దాటి, కీపరమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతులో బతిమాలుకోడం వినిపించింది. "ఏం కావాలో చెప్పమ్మా. నిజంగా అడుగుతున్నా."

కీపరమ్మ అప్పుడు కదిలింది. తల పైకెత్తి గ్యాలరీ వైపు చూసింది. వరస వరసా వెతికి, తల్లిని చూసి, ఆగింది. పెదవులు గట్టిగా మూసి ఉంచింది.

నువ్వు చెప్పేదాకా నోరు తెరవను, ఒట్టు.

సభంతా ఆ చూపు వెంట తల తిప్పింది. పదిహేను ముఖాలు, కార్యదర్శి కళ్ళజోడు, విలేకరి ఫోను, అన్నీ ఒక్కసారిగా మెట్లక్క మీద పడ్డాయి. ఆ భవనంలో ఇంతమంది ఆమెను చూడటం ఇదే మొదలు. వాళ్ళు వచ్చేలోపు ఆరిపోవాల్సిన మెట్లవి, ఆమెవి.

మాట్లాడు పాపా అంటే చాలు. ఆ ఒక్క మాట అనడానికే లేచింది. బెంచీ కమ్మీ పట్టుకుంది. తీరా లేచాక, పిల్ల చేత ఎందుకు చెప్పించాలి అనిపించింది. పిల్లకు పదవి ఉంది, పోగొట్టుకోడానికి. తన కార్డు తను నిన్ననే ఇచ్చేసింది.

"అయ్యా," అంది.

"గ్యాలరీ వాళ్ళు మాట్లాడకూడదు," అన్నాడు జవాను. "కూచోమ్మా."

"మాట్లాడకూడదని తెలుసు బాబూ, ఆ బోర్డు రోజూ తుడిచేది నేనే." గొంతు వణుకుతోంది, వణకనీ అనుకుంది. "అయ్యా, మా వేళ్ళు అరిగిపోయాయి. ఈ నేల తుడిచి, మీ మరుగుదొడ్లు కడిగి అరిగిపోయాయి. అదేదో రోగం కాదు, పని. కింద ఆ మిషనుకు మేం కనిపించం. వచ్చినా రానట్టే రాస్తున్నారు. మీకు బల్ల కింద పుస్తకం ఉందట. ఆ పుస్తకం మాకూ కావాలి. మా అమ్మాయికి కావాల్సింది అదే. నేనే దాని నోరు కట్టేశాను. ఇదిగో ఈ లిఫ్టు వదిన కార్డు లాగేసుకున్నారు. నాది కూడా. అవి తిరిగివ్వాలి. అంతే."

అన్నాక బెంచీ కమ్మీ వదిలేసింది. కానీ కూచోలేదు.

కార్యదర్శి దగ్గాడు. "అధ్యక్షుడిగా మీరు ఉత్తర్వు ఇవ్వొచ్చు సార్. సభ మొదలవక్కర్లేదు. వేలు పడని వాళ్ళకు పుస్తకంలో సంతకం చెల్లుతుంది, అని. అందరికీ వర్తిస్తుంది అని. అప్పుడు మేడంగారిది కూడా చెల్లుతుంది."

"మరి పడిపోయిన గైరుహాజర్లో?" అన్నాడు పళ్ళ డాక్టరు అనుకోకుండా. అందరూ తనవైపు చూసేసరికి, "అంటే, ఉత్తర్వు ఎలాగూ రాస్తున్నాం కదా, పూర్తిగానే..." అని నసిగాడు.

పదకొండూ ఇరవై మూడు. అధ్యక్షుడు జేబులోంచి తన పెన్ను తీసి రాశాడు. నిలబడే రాశాడు. కార్యదర్శి పైకి చదివాడు: వేలు పడినా పడకపోయినా, సభ్యులైనా పనివారైనా, పుస్తకంలో సంతకం హాజరే. యంత్రం వచ్చిన నాటినుంచి రాసిన గైరుహాజర్లు కొట్టివేయడమైనది. తీసుకున్న కార్డులు ఇవాళే తిరిగి ఇవ్వాలి.

లిఫ్టు వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గ్యాలరీ తలుపు దగ్గర చప్పుడైంది. పొడుగామె, మిగతా అయిదుగురూ, తుడుపుకర్రలతో సహా ఎప్పుడు ఎక్కి వచ్చారో, లోపలికి తోసుకొచ్చారు.

"ఇక పెట్టమ్మా," అన్నాడు అధ్యక్షుడు, పుస్తకం కీపరమ్మ ముందుకు జరిపి.

"పెడతాను సార్," అంది కీపరమ్మ. ఆ ఉదయం ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "కానీ హాజరు వచ్చిన వరసలో కదా వెయ్యాలి. నేను పదకొండింటికి వచ్చాను. వాళ్ళు రోజూ ఆరున్నరకి వస్తారు. ముందు వాళ్ళవి."

"టైము లేదమ్మా!"

"ఇంకా ఆరు నిమిషాలుంది."

గుమాస్తా పుస్తకం చంకన పెట్టుకుని గ్యాలరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. కొత్త పేజీ తీశాడు. పొడుగామె నిలబడి గీకేసింది. మిగిలిన అయిదుగురూ తుడుపుకర్రలు ఒకరికొకరు పట్టిస్తూ పెట్టారు. ఒకామె సంతకం రాదంటే కార్యదర్శి కిందినుంచే, "అడ్డగీత చాలు, చెల్లుతుంది, చెల్లుతుంది," అని అరిచాడు. లిఫ్టు వదిన పెట్టింది. పెట్టి, వెనక్కి వంగి, ఎలా ఉందో చూసుకుంది.

పదకొండూ ఇరవై ఏడు. మెట్లక్క బెంచీ మీద కూచుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అయిదో తరగతితో ఆగిన చెయ్యి. ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి, అది పడిపోదని నమ్మకం కుదిరాక పక్కదాని దగ్గరికి వెళ్ళింది. సభ మొత్తం మెడలెత్తి పైకి చూస్తోంది. సిమెంటు వ్యాపారి గడియారం చూసుకున్నాడు. హెడ్మాస్టరు గాల్లో వేలితో ఆమె అక్షరాలను వెంబడిస్తున్నాడు. కీపరమ్మ గ్యాలరీ కమ్మీ కిందికి వచ్చి, పుస్తకం అందుకోడానికి రెండు చేతులూ పైకి చాచి నిలబడింది.

"అయిందా అమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. "రెండు నిమిషాలే ఉంది."

మెట్లక్క తలెత్తలేదు.

"ఉండండి బాబూ," అంది. "ఇంకా ఇంటిపేరు రాయాలి."